పార్శ్వచ్ఛేదకుడు నూకరాజు గారు

మొగలిరేవు చేపల మార్కెట్లో పెమ్మాడి నూకరాజు కత్తిపీటకి ఎదురు లేదు. పన్నెండు కేజీల పండుగప్పని తెచ్చి ముందు పడేసినా సరే, లోపల చేదుకట్టు చిట్లకుండా, పేగు తెగకుండా, రెండు నిమిషాల్లో విప్పి పెట్టేవాడు. కొత్తల్లుడు వచ్చిన ఇంట్లో చేప కొయ్యాలంటే నూకరాజు కోసమే కబురొచ్చేది. అంత పనిమంతుణ్ణి ఊరు పిలిచే పిలుపు మాత్రం "ఒరేయ్ కోతగాడా" అని. పలకపట్టని పిల్లవాడి నుంచి పళ్లూడిన ముసలమ్మ దాకా అందరిదీ అదే పిలుపు.

నూకరాజుకి మేడలూ మిద్దెలూ అక్కర్లేదు. చచ్చేలోగా ఎవరో ఒకరు తనని "నూకరాజు గారు" అనాలి. అంతే.

"ఆ గారుని ఏం సేసుకుంటావు? పులుసులో ఏసుకుంటావా?" అనేది పెళ్లాం వీరవేణి.

పక్క కత్తిపీట తాతారావుదీ అదే మాట. "మన మార్కెట్లో గారు అనిపించుకున్నోడు తూకాల ఇన్‌స్పెక్టరొక్కడేరా. అదీ ఎదురుగా ఉన్నంతసేపే," అనేవాడు. తాతారావు కూడా ఇరవయ్యేళ్లుగా చేపలు కోస్తున్నవాడే. పని నూకరాజంత నాజూకు కాదు గానీ మనిషి మంచివాడు.

ఇలా ఉండగా రాజధానిలో మంత్రిగారొకరు ఓ మహనీయుడి విగ్రహం ఆవిష్కరించారు. తెర లాగాక ఆ విగ్రహం ఎవరిదో సభలో ఎవరికీ అంతుపట్టలేదు. ముందు వరుసలో కూర్చున్న మహనీయుడి భార్యే పక్కావిణ్ణి "ఈయనెవరమ్మా" అని అడిగింది. మంత్రిగారికి తల కొట్టేసినట్టయింది. మైకు పట్టుకుని అక్కడికక్కడే ప్రకటించేశారు. ఇకమీదట మన రాష్ట్రంలో మహనీయులకి విగ్రహాలు పెట్టం. మహనీయులనే పెడతాం. ఐదువేల ఏళ్ల కిందట ఈజిప్టువాళ్లకి చేతనైంది మనకి చేతకాదా అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టాక ఇంక వెనక్కి తీసుకునేదేముంది, నెల తిరక్కుండా మొగలిరేవులో మూతపడ్డ రొయ్యల గిడ్డంగికి సున్నం వేసి 'మహనీయుల భౌతికకాయ పరిరక్షణ సంస్థ' అని బోర్డు పెట్టేశారు.

దానికి డైరెక్టరు చక్రధరరావు గారు. ఆయన అధ్యయనం నిమిత్తం ఈజిప్టులో పదకొండు రోజులు ఉండి వచ్చారు. అందులో తొమ్మిది రోజులు కడుపు పాడై హోటల్ గదిలోనే పడుకున్నారు. పడుకుని ఊరుకోకుండా ఆ గదిలో దొరికిన పుస్తకాలన్నీ చదివేశారు. కాబట్టి ఆయన చెప్పేదంతా కళ్లతో చూసింది కాకపోయినా అచ్చయిన దానికి అక్షరం తేడా రాదు. సంస్థ నియమావళి కూడా అలాగే, ఆ పుస్తకాల్లో ఎలా ఉంటే అలా రాసి, మంత్రిగారి సంతకం పెట్టించారు.

కోతలో అనుభవం ఉన్నవాడు కావాలని ప్రకటన పడితే నూకరాజు తెల్లచొక్కా తొడుక్కుని వెళ్లాడు. ఎన్నిసార్లు సబ్బు పెట్టినా చేతుల వాసన పోలేదు గానీ, ఆ ఉద్యోగానికి అదే అర్హత.

"మీకు ఛేదన ప్రక్రియయందు ఎన్ని సంవత్సరముల అనుభవము కలదు?" అని అడిగారు డైరెక్టరు గారు.

"ఇరవై రెండేళ్లండి. మా నాన్న కాడ సేసింది ఇంకో ఆరేళ్లండి."

"ఈజిప్టువారు మృతదేహములను ఏల భద్రపరచిరో ఎరుగుదురా?"

"తెల్దండి."

డైరెక్టరు గారు కళ్లజోడు తుడుచుకున్నారు. "సావధానముగా వినుడు. చనిపోయినవాని ఆత్మ పక్షివలె పగలెల్ల విహరించి, పొద్దుగుంకువేళకు తన దేహమును వెతుక్కొనుచు వచ్చును. దేహము కుళ్లిపోయి గుర్తుపట్టరాని స్థితిలో ఉన్నయెడల ఆత్మకు చిరునామా గల్లంతు. అందుచేత దేహము చెడరాదు. చెడగొట్టునది తడి. కావున ఎడమ పార్శ్వమున కోసి లోపలి అవయవములను తీసి, కాలేయమును మనిషి తల మూత గల జాడీలోను, ఊపిరితిత్తులను కోతి తల జాడీలోను, జీర్ణాశయమును నక్క తల జాడీలోను, ప్రేగులను డేగ తల జాడీలోను ఉంచవలెను. దేహమును చవుడుప్పులో నలభై దినములు కప్పి, పిమ్మట తైలములు పూసి, నారగుడ్డలు చుట్టి, మొత్తము డెబ్బది దినములకు అప్పగించవలెను."

నూకరాజు శ్రద్ధగా విన్నాడు. "ఎండుసేపే గదండి," అన్నాడు. "మా యమ్మ మూడ్రోజుల్లో సేసేసీదండి. డెబ్బై రోజులు దేనికండి?"

"వారి నక్షత్రమొకటి డెబ్బది దినములు కనపడక మరల ఉదయించెడిది. దానికిని దీనికిని లంకె. మీ తల్లిగారి ఎండుచేపలకు నక్షత్రముతో పని లేదు," అన్నారు డైరెక్టరు గారు కొంచెం చిరాగ్గా. "మరియొక విషయము. మెదడును ముక్కులోనుండి కొక్కెముతో లాగి పారవేయవలెను. వారి దృష్టిలో అది నిరుపయోగమైన అవయవము. ఆలోచన యావత్తు గుండెలో జరుగును గనుక గుండెను మాత్రము కదపరాదు."

మెదడు అక్కర్లేదన్న ఈ సూత్రాన్ని సంస్థ మనస్ఫూర్తిగా ఆచరణలో పెట్టిందని తర్వాత అందరికీ తెలిసొచ్చింది.

నూకరాజు ఉద్యోగం పేరు పార్శ్వచ్ఛేదకుడు. ఆరు నెలలు తాత్కాలికం, ఆపైన ఖాయం. ఖాయమైన రోజున ఓ కుర్చీ, ఓ బల్ల, బల్ల మీద 'శ్రీ పెమ్మాడి నూకరాజు గారు' అని ఇత్తడి పలక ఇస్తారట. ఇత్తడి పలక అనగానే మన వాడికి ఒళ్లు ఝల్లుమంది. పద్దెనిమిది పేజీల నియమావళి కింద కళ్లు మూసుకుని సంతకం పెట్టేశాడు. పద్నాలుగో నిబంధన చదవలేదు. అసలు లోకంలో పద్నాలుగో నిబంధన దాకా చదివినవాడెవడు?

సంస్థ సిద్ధమైంది గానీ సరుకు లేదు. తమను భద్రపరచమని నలభై ఒక్కమంది మహనీయులు తమంతట తామే దరఖాస్తు పెట్టుకున్నారు. పెట్టుకున్న మర్నాటి నుంచి అందరూ పొద్దున్నే లేచి నడవడం, ఉప్పు తగ్గించడం మొదలుపెట్టారు. ఒక్కరూ పోయే సూచనలు లేవు. అంచేత దేహం దొరికేదాకా చేపల మీద సాధన చెయ్యాలని డైరెక్టరు గారు తీర్మానించారు. ఈజిప్టువాళ్లు చేపల్ని కూడా భద్రపరిచేవాళ్లట, ఆ నైలునది చేప మన పండుగప్పకి దగ్గర చుట్టమట. మంగళ, శుక్రవారాలు రెండేసి పండుగప్పలు తెచ్చి ఇచ్చే పని తాతారావుకి ఒప్పజెప్పారు.

మొదటి మంగళవారం రానే వచ్చింది. దేహసంస్కారం దగ్గరుండి నడిపే ప్రధాన సంస్కర్త నక్క ముసుగు వేసుకోవాలని నియమం. నక్క ముసుగు ఊళ్లో దొరక్క పులివేషాలవాళ్ల దగ్గర పులి ముసుగు తెప్పించి, 'దీనిని నక్కగా పరిగణించవలెను' అని ఫైల్లో రాసుకుని డైరెక్టరు గారు తగిలించుకున్నారు. చేపకి ఎడమ ఏది అన్న దగ్గర ఓ పూట ఆలస్యమైంది. ముగ్గురు సభ్యుల సంఘం కూర్చుని, చేప తన ఎడమగా భావించు వైపే ఎడమ అని తేల్చింది. ఆ వైపున డైరెక్టరు గారు ఎర్రసిరాతో గీత గీశారు. అందరూ ఆయనకి నమస్కారం చేశారు.

నూకరాజు నియమావళి ప్రకారం చేయించిన నల్లరాతి కత్తి అందుకుని గీత వెంబడి కోశాడు. వెంట్రుకవాసి పక్కకి పోలేదు. శభాష్ అంటారేమోనని తలెత్తాడు.

గంట గణగణ మోగింది. గోడ వారగా బల్లల మీద ఇందాకట్నుంచి కుదురుగా కూర్చున్న పదిమంది ఒక్కసారి లేచారు. కాగితాలు అందించే బంట్రోతులనుకున్నాడు నూకరాజు. ఒక్కొక్కరి చేతిలో ఒక బుట్ట. బుట్టలో రాళ్లు.

మొదటి రాయి చెవి పక్కనుంచి పోయింది. రెండోది చేప మీద పడింది. మూడోది ఎక్కడ పడిందో నూకరాజు చూడలేదు, అప్పటికే గేటు దాటేశాడు. వెనకాల పదిమందీ కాగితాలు చూసుకుంటూ "ఓరీ దేహద్రోహీ, నీచాధమా, తొలగిపొమ్ము" అని చదువుతూ తరుముకొస్తున్నారు. బైట ఖాళీ బుట్టతో నిలబడ్డ తాతారావు నోరు తెరిచి చూస్తుండిపోయాడు.

మర్నాడు నూకరాజు ఏడుపు మొహంతో డైరెక్టరు గారి ముందు నిలబడ్డాడు. ఆయన తాపీగా పద్నాలుగో నిబంధన తీసి చదివారు.

"దేహమునకు గాయము చేసినవాడు ద్వేషింపదగినవాడు. కావున కోత పూర్తయిన తక్షణమే సహోద్యోగులు వానిని హోదాతో నిమిత్తము లేక శాపనార్థములతోను, రాళ్లతోను వెంటాడవలెను. ఇది గ్రీకు యాత్రికుడు స్వయముగా రాసియుంచిన ఆచారము. సంస్థ కల్పన కాదు."

"కొయ్యమంది ఎవరండి?"

"నేను."

"గీత గీసింది?"

"నేనే."

"మరి రాళ్లు నాకెందుకండి?"

"కోసినది మీరు గదా," అన్నారు డైరెక్టరు గారు. ఆయన గొంతులో కోపం లేదు, జాలి కూడా లేదు. రెండూ రెండూ నాలుగన్నట్టు చెప్పారు.

నూకరాజు ఆ పూటే ఉద్యోగం మానేసి పోయేవాడే. ఇత్తడి పలక కళ్లముందు ఆడింది. ఆరు నెలలంటే ఎంత, వారానికి రెండు పరుగులు. వాన కాలంలో ఓ నాలుగు తగ్గొచ్చు కూడా.

పైగా ఆ రాళ్లేసేవాళ్లు శత్రువులేం కారు. శిలాక్షేపకులనే పేరుతో కాంట్రాక్టు మీద తీసుకున్న ఊరి మనుషులే. వాళ్లలో పెద్దవాడు అబ్బులు. సాయంత్రం టీ కొట్టు దగ్గర నూకరాజు భుజం మీద చెయ్యేసి, "ఏం అనుకోకు బావా. మూడేళ్ల నించి నీ కాడ సేపలు కోయించుకుంటన్నాను, నిన్నెలా కొడతాను? జానెడు పక్కకే ఇసురుతాం. కాపోతే కాస్త నెమ్మదిగా పరిగెట్టు, మాకు ఆయాసం వొచ్చేత్తంది," అన్నాడు.

అలా ఒప్పందం కుదిరింది. నూకరాజు గేటు దాకా తిన్నగా వెళ్లి, సీసీ రోడ్డు మీద పది అంగలు వేసి, మంచినీళ్ల ట్యాంకు దగ్గర ఎడమకి తిరిగేవాడు. అందరూ కుడి వైపుకి విసిరేవాళ్లు.

ఇక సంస్థ బాగుపడటం మొదలైంది. భద్రతా విభాగం వాళ్లు వచ్చి, ఉద్యోగికి పని ప్రదేశంలో రాళ్లు తగిలే అవకాశం ఉందని గుర్తించి, హెల్మెట్ తప్పనిసరి చేశారు. రాళ్లు మాత్రం అలాగే ఉంచారు. తిట్ల భాష విషయంలో అబ్బులు నోరు తిరక్క "నీచాధమా"ని ఎగరగొట్టేస్తున్నాడని ఫిర్యాదు వస్తే, శిలాక్షేపకులందరికీ మూడు రోజుల ఉచ్చారణ శిక్షణ ఇప్పించారు. శిక్షణలో సాధన కోసం తిట్టడానికి ఓ మనిషి కావాలిగా. నూకరాజునే కూర్చోబెట్టారు.

మూడో నెలలో నూకరాజుకి ఓ మెమో వచ్చింది. వారానికి రెండుసార్లు పనివేళల్లో అనుమతి లేకుండా కార్యాలయం విడిచి పరుగున వెళ్లిపోతున్నట్లు గమనించడమైనది, సంజాయిషీ ఇవ్వవలెను అని.

"మీరు తరిమితేనే గదండి ఎల్లింది," అన్నాడు నూకరాజు.

"తరుముట పద్నాలుగో నిబంధన. అనుమతి లేక వెళ్లుట ఇరవై రెండో నిబంధన. రెండింటినీ గౌరవించవలెను," అని డైరెక్టరు గారు ఆలోచించి, గేటు దగ్గర ఓ కదలికల రిజిస్టరు పెట్టించారు. అప్పట్నుంచి కోత అవగానే గంట మోగడం, నూకరాజు గేటు దాకా పరిగెత్తి ఆగి, హెల్మెట్ తీసి, రిజిస్టర్లో పేరూ వేళా రాసి, 'ఎచటికి' అన్న గడిలో 'తెలియదు' అనీ, 'కార్యము' అన్న గడిలో 'పారిపోవుట' అనీ నింపి సంతకం పెట్టడం మామూలైపోయింది. అంతసేపూ పదిమందీ రాళ్లు పైకెత్తి పట్టుకుని నిలబడేవాళ్లు. "వేగం కానియ్ బావా, సెయ్యి లాగేత్తంది," అనేవాడు అబ్బులు. నూకరాజు హెల్మెట్ పెట్టుకుని కదలగానే మళ్లీ నీచాధమా మొదలు.

ఇంట్లో వీరవేణి ఊరుకుంటుందా. "గారు కోసం ఎల్లి ఏం తెచ్చుకున్నావు? దేహద్రోహంట, నీచాధమంట. మార్కెట్లో ఒరేయ్ అనీవోరు. ఆ ఒరేయే నయం గదా," అంది.

"అయి గవర్నమెంటు తిట్లే. కాయితం సూసి తిట్టేరు, మనసులో ఏం ఉండదు."

"కాయితంలో రాసినోడి మనసులో ఉండే ఉంటాది," అంది వీరవేణి. నూకరాజుకి ఆ రాత్రి అన్నం సయించలేదు.

కానీ రోజులు ఆగవు. ఆరు నెలలూ పూర్తయ్యే శుక్రవారం నాడే మంత్రిగారి చేతుల మీదుగా సంస్థ ప్రారంభోత్సవం పెట్టారు. అదే నూకరాజు ఆఖరి కోత. ఆపైన పోస్టు ఖాయం, పలక ఖాయం. ఖాయమైనవాడికి రాళ్లు ఉండవా అంటే, ఉంటాయి గానీ, అప్పుడు "నీచాధమా" చివర గారు చేర్చే విషయం పరిశీలిస్తామని డైరెక్టరు గారు మాటిచ్చారు.

మంత్రిగారు పూలదండలతో వచ్చారు. పదహారు కేజీల పండుగప్పని తాతారావు స్వయంగా బల్ల మీద పడుకోబెట్టాడు. డైరెక్టరు గారు పులి ముసుగులో గీత గీశారు. నూకరాజు రాతికత్తి అందుకోబోయాడు.

మంత్రిగారు ఆ కత్తిని లాగేసుకున్నారు. "ముప్పయ్యేళ్ల నుంచి రాజకీయాల్లో ఉన్నానయ్యా. ప్రారంభోత్సవంలో వేరేవాడు కోస్తే అది ప్రారంభం అవుతుందా?" అన్నారు నవ్వుతూ. రిబ్బన్లు కోసి కోసి ఆయన చెయ్యికి అదే అలవాటు.

నూకరాజు చేతులు అడ్డం పెట్టాడు. "బాబూ, మీరు కొయ్యకండి. రాళ్లేసేత్తారండి," అన్నాడు.

"వెయ్యనీవోయ్. ప్రతిపక్షాలకి ఇంకేం పనుంది?" అన్నారు మంత్రిగారు.

డైరెక్టరు గారు పులి ముసుగులోంచి ఏదో అరిచారు. ముసుగు బిగువుగా ఉండి అది గాండ్రింపులాగా వినపడింది. జనం చప్పట్లు కొట్టారు. మంత్రిగారు ఫొటోగ్రాఫర్ల వైపు చూస్తూ పండుగప్పని గీతకి జానెడు దూరంలో కోసేశారు.

గంట మోగింది.

అబ్బులు తర్వాత విచారణలో కళ్లనీళ్లు పెట్టుకుని చెప్పాడు, తాను కావాలని చెయ్యలేదని, ఆరు నెలలు గంటకి అలవాటు పడ్డ చెయ్యి తనని అడక్కుండానే లేచిందని. అక్కడ మెదడుతో పని లేదని మొదట్లోనే చెప్పుకున్నాం గదా. పది రాళ్లు గాల్లోకి లేచాయి. పది గొంతులు, శిక్షణ పొందిన గొంతులు, అక్షరం పొల్లుపోకుండా "ఓరీ దేహద్రోహీ, నీచాధమా, తొలగిపొమ్ము" అన్నాయి. తుపాకులున్న అంగరక్షకులు చేతిలో కార్యక్రమ పట్టిక చూసుకున్నారు. ఏడో అంశం, రాళ్లు రువ్వుట, ప్రాచీన ఆచారము, భద్రతా సిబ్బంది జోక్యము చేసుకొనరాదు అని ఉంది. జోక్యం చేసుకోలేదు.

మంత్రిగారు పంచె ఎత్తి పట్టుకుని పరుగందుకున్నారు. కొయ్యలేదు కాబట్టి నూకరాజు పరిగెత్తక్కర్లేదు. కానీ అబ్బులు చెయ్యికి ఉన్న రోగమే నూకరాజు కాళ్లకీ ఉంది. మంత్రిగారి పక్కనే పరిగెడుతూ, "ఎనక్కి సూడకండి బాబూ. ముందు గేటు, తరవాత ట్యాంకు, ట్యాంకు కాడ ఎడమకి," అని దారి చెప్పుకుంటూ వెళ్లాడు. గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం నిలబడి రిజిస్టరు చాచాడు. సంతకం పెట్టేదాకా వెళ్లనివ్వడానికి వీల్లేదన్నాడు. మంత్రిగారు జీవితంలో ఏ కాగితమూ చదివి సంతకం పెట్టినవారు కారు. ఇదీ చదవకుండానే పెట్టేసి మళ్లీ పరిగెత్తారు.

ఇద్దరూ ఐసు ఫ్యాక్టరీ వెనక మంచుగడ్డల మీద కప్పే రంపపుపొట్టు కుప్ప మీద కూలబడ్డారు. మంత్రిగారికి చాలాసేపు ఊపిరందలేదు. అందాక, "ఎన్నాళ్ల నుంచయ్యా ఇది?" అన్నారు.

"ఆర్నెల్లనించండి. మంగళారం, శుక్రారం."

"ఏ వెధవ పెట్టాడీ రూలు?"

నూకరాజు నేల చూపులు చూశాడు. "కింద సంతకం తవరిదేనండి."

 మంత్రిగారు తెలివైనవారు కాకపోతే ముప్పయ్యేళ్లు నెగ్గుకొచ్చేవారే కారు. రూలు ఎత్తేస్తే తాను పెట్టింది తప్పని ఒప్పుకున్నట్టు. పైగా రూలు లేకుండా రాళ్లు పడితే అది జనం చేతిలో పరాభవం. రూలు ప్రకారం పడితే సంప్రదాయం. ఆయన పంచె దులుపుకుని లేచి, వెతుక్కుంటూ వచ్చిన విలేకర్లకి అక్కడే చెప్పేశారు. అట్టడుగు ఉద్యోగి కష్టం స్వయంగా అనుభవించాలనే ఆ పని చేశానన్నారు. ఐదువేల ఏళ్ల ఆచారాన్ని ప్రాణం పోయినా కాపాడతామన్నారు. మర్నాడు పేపర్లన్నిట్లోనూ ఆయన పరిగెత్తుతున్న ఫొటో వచ్చింది. మంచి పేరొచ్చింది కూడా.

విలేకర్లు వెళ్లాక ఆయన నూకరాజు వైపు తిరిగారు. "ఒక్క రాయీ తగల్లేదేంటయ్యా? మంచిదే అనుకో. కానీ పదిమంది ఆరు నెలలుగా విసురుతుంటే ఒక్కటీ తగలకపోవడం ఏం పనితీరు? సరే, అది మీ డైరెక్టరుతో మాట్లాడతాను. నా ప్రాణం కాపాడావు. ఏం కావాలో కోరుకో."

నూకరాజు ఆ రూలు తీసేయమని అడగొచ్చు. ఆ క్షణంలో మంత్రిగారు ఇచ్చేవారో లేదో మనకి తెలీదు, వాడు అడగలేదు కాబట్టి. వాడి కళ్లకి ఆర్నెల్లుగా ఇత్తడి పలక ఒక్కటే ఆనుతోంది. చేతులు కట్టుకుని, "నన్ను రాళ్లేసే వైపు ఏసేయండి బాబూ," అన్నాడు.

వేసేశారు. శిలాక్షేపణ పర్యవేక్షకుడు అనే కొత్త పోస్టు పుట్టింది. కుర్చీ, బల్ల, ఫ్యాను. బల్ల మీద 'శ్రీ పెమ్మాడి నూకరాజు గారు' అని ఇత్తడి పలక. నూకరాజు దాన్ని రోజుకి నాలుగుసార్లు తుడిచేవాడు. ఆఫీసులో అందరూ పలక చూసి గారు అనడం మొదలుపెట్టారు. ముందు అబ్బులుకే నోరు తిరగలేదు, రెండు రోజులకి అలవాటైంది. కానీ ఇంకోటి కూడా రాసిచ్చారు. ఇకమీదట రాళ్లు తగలకపోతే బాధ్యత పర్యవేక్షకుడిది.

ఖాళీ అయిన కోత పోస్టుకి ప్రకటన వేస్తే వచ్చినవాడు ఒక్కడే, తాతారావు. "నువ్వు గారు అయిపోయేవు గదరా. నేను మాత్రం ఎన్నాళ్లు ఒరేయ్ అనిపించుకోను?" అన్నాడు లోపలికొస్తూ. మళ్లీ పలక చూసి నాలిక్కరుచుకున్నాడు.

కొత్త మంగళవారం. డైరెక్టరు గారు గీత గీసి, ముసుగు తీసి, ఓ నోటు పుస్తకం పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. తగిలినవి ఎన్ని, తగలనివి ఎన్ని రాసి పైకి పంపాలి. తాతారావు కోశాడు. పని నాజూకుగా లేదు, చేదుకట్టు చిట్లింది. గంట మోగింది. శిలాక్షేపకులు లేచారు, తాతారావు పరుగెత్తాడు, రిజిస్టర్లో సంతకం పెట్టాడు, మళ్లీ పరుగెత్తాడు. పది రాళ్లూ పాత అలవాటు ప్రకారం కుడి పక్కకి పోయాయి. డైరెక్టరు గారు పుస్తకంలో సున్నా వేయబోతూ నూకరాజు వైపు చూశారు.

నూకరాజు బుట్టలోంచి ఓ రాయి తీశాడు. తానూ పక్కకే వెయ్యాలనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. కానీ ఆర్నెల్లు పరిగెత్తినవాడికి తెలుసు, ట్యాంకు దగ్గర మనిషి ఎడమకి తిరిగేముందు ఓ అడుగు నెమ్మదిస్తాడు. ఆ అడుగు ఎక్కడ పడుతుందో కూడా తెలుసు. డైరెక్టరు గారు చూస్తున్నారు. చెయ్యి లేచింది.

రాయి తాతారావు వీపుకి తగిలింది. ఆ సంస్థ పుట్టాక తగిలిన మొదటి రాయి అదే. డైరెక్టరు గారు ఒకటి అని రాసుకున్నారు.

తాతారావు ఆగిపోయాడు. వీపు మీద చెయ్యి పెట్టుకుని వెనక్కి తిరిగాడు. ఎవరు వేశారో చూశాడు. వాడి మొహంలో కోపం రాలేదు, అదే నూకరాజు తట్టుకోలేకపోయింది. పై అధికారి ఎదురుపడితే ఎలా నిలబడతారో అలా నిలబడి, హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"బాగా ఇసిరేరండి, నూకరాజు గారు," అన్నాడు.

వెటకారం కాదు. మనస్ఫూర్తిగానే అన్నాడు. మార్కెట్ మనిషి నోట గారు అని వినడానికి నూకరాజు ఇరవయ్యేళ్ల నుంచి ఎదురుచూశాడు. వచ్చి కుర్చీలో కూర్చుని, ఫ్యాను కింద, ఎవరికీ కనపడకుండా ఏడ్చాడు.